చేతులు కాలాక.. ఆకులు కాదు, నీళ్లు!

వంటింట్లో చేయి కాలగానే ఒకరు టూత్‌పేస్టు తెస్తారు. మరొకరు ఇంకు పోయమంటారు. నెయ్యి, పసుపు, ఇడ్లీపిండి.. ఒక్కో ఇంటిది ఒక్కో వైద్యం. పక్కనే ఉన్న కుళాయి మాత్రం చాలామందికి గుర్తుకు రాదు. కాలిన గాయానికి అదే తొలి చికిత్స.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం, 2016లో కేంద్రం చేపట్టిన ఉజ్వల పథకం పేదల ఇళ్లకూ గ్యాస్ పొయ్యిని చేర్చాయి. పొయ్యి మారినా మరిగే ఎసరు, కాగిన నూనె, కుక్కరు ఆవిరి మారలేదు. గంజి వార్చేటప్పుడు, పోపు వేసేటప్పుడు క్షణకాలపు ఏమరుపాటు చాలు. 60 డిగ్రీల సెల్సియస్ వేడినీరు పెద్దల చర్మాన్ని సైతం సుమారు 5 సెకన్లలో లోతుగా కాల్చగలదు. పసివారి చర్మం పలుచన కనుక అంత సమయమూ పట్టదు.

లోపలి వేడే అసలు ముప్పు

పొయ్యి నుంచి చేయి తీసినంత మాత్రాన కాలడం ఆగదు. చర్మంలో నిలిచిన వేడి లోపలి పొరలకు పాకుతూనే ఉంటుంది. అందుకే గాయాన్ని వెంటనే కుళాయి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయాలి. మంచుగడ్డలు పెడితే చర్మం మరింత దెబ్బతింటుంది. నెయ్యి, పేస్టు వంటి పూతలు వేడిని లోపలే బంధిస్తాయి, గాయం లోతును వైద్యుడికి కనబడనీయవు, చీము పట్టే అవకాశాన్ని పెంచుతాయి. బొబ్బలు చిదమరాదు. గాయాన్ని శుభ్రమైన, నూగు లేని పొడిబట్టతో వదులుగా కప్పాలి.

ఎప్పుడు ఆసుపత్రికి?

చర్మం ఎర్రబడి మంట మాత్రమే ఉంటే సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది. గాయం బాధితుడి అరచేతి కంటే పెద్దదైనా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలపై కాలినా, చర్మం తెల్లబడి స్పర్శ తెలియకపోయినా వైద్యుడిని సంప్రదించాలి. విద్యుత్తు, ఆమ్లాల వల్ల కలిగిన గాయాలను, పసిపిల్లల గాయాలను చిన్నవని ఉపేక్షించరాదు.

నివారణ ఇంట్లోనే

గిన్నెల పిడులను గట్టు లోపలివైపు తిప్పి ఉంచాలి. ఆవిరి పూర్తిగా పోయాకే కుక్కరు మూత తీయాలి. తడి మసిగుడ్డతో వేడి గిన్నె పట్టుకోరాదు, తడి వేడిని త్వరగా చేతికి చేరుస్తుంది. బిడ్డను ఎత్తుకుని టీ తాగడం మానాలి. స్నానానికి బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు పోయాలి. ఈ జాగ్రత్తలకు పైసా ఖర్చు లేదు. ఇంట్లో అందరికీ తెలిసి ఉండడమే ముఖ్యం.