గెల మనది, రేటు ఎవలది?

2025 మే 30 నాడు ఢిల్లీల ఒక నోటిఫికేషన్ ఎల్లింది. ముడి పామాయిల్ మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 10 శాతానికి దించిండ్రు. మన పేపర్లకు అది బిజినెస్ పేజీల పడే ముచ్చట. అశ్వారావుపేట, దమ్మపేట, సత్తుపల్లి దిక్కు తోటలు పెట్టిన రైతుకు మాత్రం అది ఇంటి ముచ్చట.

ఎట్లంటే, పామాయిల్ గెలలను మార్కెట్ యార్డుల పాట పాడి కొనరు. ముడి నూనె రేటెంత, గెలల నూనె ఎంత శాతం ఎల్లుతది అని లెక్కగట్టి నెలనెలా రేటు ప్రకటిస్తరు. మరి ముడి నూనె రేటు ఏడ తేలుతది? ఇండోనేషియా, మలేషియా నుంచి ఓడల వచ్చే నూనె ధర మీద ఢిల్లీ ఏసే సుంకం కలిపితే తేలుతది. అంటే గెల మనది, రేటు పెట్టేది ఇద్దరు బయటోళ్లు. ఒకలు సముద్రం అవుతల ఉన్నరు, ఒకలు ఢిల్లీల ఉన్నరు.

వరి ఏసినోడు గిట్టకపోతే మల్లేడు మక్క ఏస్తడు. పామాయిల్ ఏసినోనికి ఆ తొవ్వ లేదు. ఎకరానికి 57 మొక్కలు పెట్టి, కాపు కోసం నాలుగేండ్లు ఆగాలె. ఆ తర్వాత పాతికేండ్లు ఆ చెట్టునే నమ్ముకోవాలె. అట్లాంటి పంటకు సర్కారు మాట కూడా పాతికేండ్లు నిలబడాలె గదా? నిలబడ్డదా, చూద్దాం.

2021 ఆగస్టుల కేంద్రం 11,040 కోట్లతోని పామాయిల్ మిషన్ పెట్టింది. తెలంగాణల 20 లక్షల ఎకరాలు చేస్తమని అప్పటి రాష్ట్ర సర్కారు చెప్పింది. రెండు నెలలు తిరగకముందే, అక్టోబర్‌ల ముడి పామాయిల్ మీద కస్టమ్స్ సుంకం సున్నా చేసిండ్రు, సెస్సు ఒక్కటే మిగిలింది. అప్పుడు ప్రపంచంల నూనె మండిపోతున్నది కాబట్టి పేదోని వంటింటి కోసం దించిండ్రంటే ఒప్పుకుందాం. 2022ల టన్ను 20 వేలు దాటిన గెలల రేటు 2023ల 13 వేల దగ్గరికి పడ్డది. అప్పుడన్నా సుంకం పెంచిండ్రా? లేదు. 2024 సెప్టెంబర్ దాక ఆ సున్నా సున్నానే ఉన్నది. ఆ నెలల 20 శాతం చేసిండ్రు. తొమ్మిది నెలలు కాకముందే మల్ల సగం కోసిండ్రు.

ఇక్కడ చాలామంది "ఆసియాన్ ఒప్పందం మన చేతులు కట్టేసింది" అంటరు. రైతు మీటింగులల్ల నేను మస్తుసార్లు విన్న. ఇది సగం నిజం కూడా కాదు. ఆసియాన్ దేశాలతోని సరుకుల ఒప్పందం 2009 ఆగస్టుల సంతకమైంది, 2010 జనవరి నుంచి అమలైంది. అందుల ముడి పామాయిల్‌ను ప్రత్యేక సరుకుల కింద పెట్టి, సుంకాన్ని 37.5 శాతం దాక ఉంచుకునే వీలిచ్చిండ్రు. అంటే ఇయ్యాల 10 శాతం పెట్టింది ఒప్పందం కాదు, ఢిల్లీ. బయటోన్ని తిట్టుకుంట కూసుంటే ఇంట్లోడు తప్పించుకుంటడు.

అట్లని ఒప్పందం మంచిగున్నదని కాదు. 2010-11ల ఆసియాన్‌తోని మన వ్యాపార లోటు 500 కోట్ల డాలర్ల కాడ ఉండె. 2022-23 నాటికి 4,300 కోట్ల డాలర్లు దాటింది. అందుకే తిరగరాస్తమని మాట్లాడుకుంటున్నరు. ఆ బల్ల ముందు ఎవలు కూసుంటున్నరన్నదే నా పంచాయితీ.

అవుతలి దిక్కు చూడుండ్రి. ఇండోనేషియా, మలేషియా పామాయిల్‌ల ఒకదానికొకటి పోటీ. అయినా 2015ల రెండూ కలిసి పామాయిల్ పండించే దేశాల మండలి పెట్టుకున్నయి. ఐరోపా కొర్రీలు పెడితే ఒక్క గొంతుతోని మాట్లాడుతున్నయి. ప్రపంచ పామాయిల్‌ల నూటికి 80 పాళ్లకు పైన వాళ్లదే కాబట్టి ఆ గొంతుకు బలమున్నది. 2022 ఏప్రిల్‌ల ఇండోనేషియా తన జనానికి నూనె చాలుతలేదని ఎగుమతి బంద్ పెట్టింది, నెల తిరగకముందే ఎత్తేసింది. ఆ కొన్ని దినాలకే మన వంటిండ్లు వణికినయి.

మన దిక్కు చూడుండ్రి. దేశంల పామాయిల్ నూటికి 98 పాళ్లు పండేది మూడు రాష్ట్రాలల్ల: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళ. ఈ మూడు కలిసి కూసున్నది ఎన్నడన్నా విన్నరా? హద్దుకు ఇవుతల ఒక రేటు, అవుతల ఒక రేటు, నూనె శాతం మీద లొల్లి. రెండు తెలుగు రాష్ట్రాల నడుమ ఏండ్ల తరబడి నడిచిన కథ ఇదే. ఇంట గెలిచి రచ్చ గెలవాలె అంటరు. మనం ఇంట్లనే గెట్టు పంచాయితీల ఉన్నం.

రాజ్యాంగంల ఒక చిత్రమున్నది. రాష్ట్రాల జాబితాల 14వ అంశం ఎవుసం. కేంద్రం జాబితాల 14వ అంశం విదేశీ ఒప్పందాలు. నంబర్ ఒక్కటే, చేతులు వేరు. పంట పండిచ్చే బాధ్యత రాష్ట్రానిది, ఆ పంట రేటును తేల్చే సంతకం కేంద్రానిది. 2009ల కేరళ ఒక్కటే ఈ సంగతి గట్టిగ అడిగింది. రబ్బరు, మిరియాలు, కొబ్బరి రైతుల కోసం కాసరగోడు నుంచి తిరువనంతపురం దాక మనిషికి మనిషి చెయ్యి కలిపి నిలబడ్డరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ గొలుసుల చెయ్యి కలపలే.

నేను దేశాల నడుమ వ్యాపారమే వద్దనేటోన్ని కాదు. మనం తినే నూనెల సగానికంటే ఎక్కువ బయట నుంచే వస్తది, అన్ని తలుపులు మూస్తే మిర్చి బజ్జీల బండోడు మునుగుతడు. 2025 మార్చి 31 నాడు తెలంగాణ బియ్యం 12,500 టన్నులు కాకినాడ ఓడరేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు ఎల్లినయి. ఇక్కడి వడ్లు, అక్కడి రేవు. రెండు రాష్ట్రాలకు లాభమే. సహకారమంటే గిదే. మల్ల అదే ఫిలిప్పీన్స్, తన రైతుకు వడ్ల రేటు పడిపోయిందని సెప్టెంబర్ 1 నుంచి బియ్యం దిగుమతి ఆపింది. వాళ్లను తప్పు పట్టను. వాళ్ల రైతును వాళ్లు చూసుకున్నరు. మన రైతును మనం ఎందుకు చూసుకోం అన్నదే నా ప్రశ్న.

చెయ్యవలసినయి మూడే. ఒకటి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళ ఒక ఉమ్మడి మండలి పెట్టుకోవాలె, అందుల రైతులు కూడా ఉండాలె. ఆసియాన్ ఒప్పందంల పంటల ముచ్చట వచ్చినప్పుడల్ల ఢిల్లీ ఆ మండలిని అడగాలె. రెండు, సుంకానికి ఒక లెక్క ఉండాలె. ప్రపంచ రేటు పడితే సుంకం లేవాలె, రేటు లేస్తే సుంకం దిగాలె. ఆ లెక్క ముందుగాలనే ప్రకటిస్తే రైతుకూ తెలుస్తది, నూనె కొనేటోనికీ తెలుస్తది. మూడు, మిషన్ కాగితంల రాసిన వయబిలిటీ ధర కంటే గెలల రేటు తక్కువ పడితే, ఆ తేడా రైతు ఎవల చుట్టూ తిరగకుండ ఖాతాల పడాలె.

ఇయ్యి గొంతెమ్మ కోరికలు కావు. నాలుగేండ్ల కింద సర్కారు మాట నమ్మి పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలేస్తున్నయి. ఆ చెట్లు ఇంకో పాతికేండ్లు నిలబడే ఉంటయి. వాటిని పెట్టినోళ్లు నిలబడతరా లేదా అన్నది హైదరాబాద్, అమరావతి, తిరువనంతపురం ఒక్కకాడ కూసునుడు మీద ఉన్నది.