టీ ఇవ్వు... వద్దులే!

మాచర్ల బస్టాండు పక్కన టీకొట్టు. బస్సు కదులుతుందేమోనన్న కంగారులో 'ఒక టీ' అన్నారు. అంతలోనే 'వద్దులే' అన్నారు. మళ్లీ 'సరే ఇవ్వు', మళ్లీ 'వద్దు'. ఎవరైనా ఆఖరి మాటే వింటారు. అలాకాక, కొట్టాయన అన్నీ గుర్తుపెట్టుకుని టీ తెచ్చి, తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి, మళ్లీ తీసుకెళ్తే? కొన్ని వెబ్‌పేజీలు అచ్చం అలాగే చేస్తాయి!

నరసరావుపేటలో డిగ్రీ చదివే మీ అమ్మాయి పల్నాడు మీద ఓ వెబ్‌సైట్ చేసిందనుకోండి. 'చూడదగ్గ చోట్లు' మీద మౌస్ పెడితే కోటప్పకొండ, ఎత్తిపోతల, నాగార్జునకొండ పేర్లతో మెనూ మెల్లగా కిందికి జారుతుంది. తీస్తే ముడుచుకుంటుంది. ముచ్చటగానే ఉంది. తమ్ముడొచ్చి మౌస్‌ని గబగబా ఐదుసార్లు అటూఇటూ ఆడించాడు. చెయ్యి తీసేశాక కూడా మెనూ తెరుచుకుంటూ, మూసుకుంటూనే ఉంది. కంప్యూటర్‌కి దెయ్యం పట్టిందా?

దెయ్యం కాదు... క్యూ! జాన్ రెసిగ్ 2006లో విడుదల చేసిన 'జేక్వెరీ' అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో ఇలాంటి యానిమేషన్లు ఒక్క వరసలో రాసేయొచ్చు. అయితే అది ప్రతి ఆదేశాన్నీ వరసలో నిలబెడుతుంది. తెరిచి ఉన్నదాన్ని మళ్లీ తెరవమంటే పట్టించుకోదు. చిక్కల్లా తెరువు, మూయి, తెరువు, మూయి అన్నప్పుడే. ఐదు తెరవడాలు, ఐదు మూయడాలు. మామూలుగా ఒక్కోదానికి 400 మిల్లీసెకన్లు. మొత్తం నాలుగు సెకన్ల తంతు!

మందు చిన్నదే. ప్రతి యానిమేషన్ ఆదేశానికీ ముందు 'స్టాప్' చేర్చి, బ్రాకెట్లో రెండు 'ట్రూ'లు రాయాలి. మొదటిది వరసలో మిగిలినవాటిని చెరిపేస్తుంది. రెండోది ఇప్పుడు నడుస్తున్నదాన్ని ఒక్కసారిగా చివరికి చేరుస్తుంది. ఆ తర్వాత నడిచేది మీ ఆఖరి మాటే.

ఇదంతా అందం కోసమే అనుకోకండి. మిర్చి ధర చూద్దామని ఫోన్ తెరిచిన గురజాల రైతు నొక్కిందే నొక్కుతుంటే, పేజీ తెరుచుకుని మూసుకుంటుంటే, ఆయన తప్పుపట్టేది పేజీని కాదు. 'మనకు ఫోన్ చేతకాదులే' అనుకుంటారు. కదిలే బొమ్మలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం జేక్వెరీలో 'ఎఫ్ఎక్స్ ఆఫ్'ను 'ట్రూ' చేస్తే యానిమేషన్లన్నీ ఆగిపోతాయి. మెనూ మాత్రం ఠక్కున తెరుచుకుంటుంది.

కాబట్టి వెబ్‌సైట్ పూర్తయ్యాక ముందుగా ఇంట్లో తమ్ముడి చేతికివ్వండి. వాడి అల్లరికి తట్టుకుంటే... ఊరందరికీ చూపించొచ్చు!