తెరిచిన చేతిదేనా తప్పు?

గత ఏడాది ఒక జిల్లా కేంద్రంలో పొదుపు సంఘాల స్త్రీలకి సైబర్ నేరాల మీద అవగాహన సదస్సు పెట్టారు. నన్నూ పిలిచారు. మధ్యలో ఒకామె లేచి తన సంగతి చెప్పింది. తెలిసినవాళ్ళ నెంబరు నుంచే వాట్సాప్‌లో పెళ్ళిపత్రిక వచ్చింది. నొక్కింది. పత్రిక తెరుచుకోలేదు గానీ ఏదో ఆప్ ఫోనులో చేరింది. మర్నాటికి సంఘం వాయిదా కట్టటానికి దాచిన డబ్బు ఖాతాలో లేదు. ఆమె మాట పూర్తికాకముందే వేదిక మీదున్న అధికారి నవ్వుతూ, "చూడకుండా నొక్కితే అంతేనమ్మా. ఆడవాళ్ళకి ఫోనిస్తే ఇలాగే ఉంటుంది" అన్నాడు. సభలో చాలామంది నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి కూర్చుండిపోయింది. భర్త ఆ రోజే ఫోను లాగేసుకున్నాడని తర్వాత టీ తాగేటప్పుడు నాతో చెప్పింది.

ఆ మాట మనకి కొత్తది కాదు. చీకటిపడ్డాక బయటికెందుకు వెళ్ళావు? ఆ బట్టలెందుకు వేసుకున్నావు? అతన్నెందుకు నమ్మావు? ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నలు విన్నాం. ఇప్పుడు వాటి పక్కన ఇంకొకటి చేరింది. ఆ ఫైలెందుకు తెరిచావు? ప్రశ్న మారింది గానీ వేలు చూపించే దిక్కు మారలేదు. నేరం చేసినవాడు ఎక్కడో ఉంటాడు. దొంగ ఫైలు నడిచివచ్చిన దారిలో ఫోను కంపెనీ, ఆప్‌ల దుకాణం, బ్యాంకు అన్నీ ఉంటాయి. సంజాయిషీ మాత్రం చివర నిలబడ్డ స్త్రీ చెప్పుకోవాలి.

ఫైలు దించుకునే ముందు తనిఖీ చెయ్యనక్కర్లేదని నేననటం లేదు. చెయ్యాలి, నేర్చుకోవాలి. ఎలాగో ఈ వ్యాసంలోనే రాస్తాను. కానీ తనిఖీ అనేది ఒక నైపుణ్యం. దాన్ని స్త్రీ శీలపరీక్షగా మార్చటాన్ని మాత్రం మనం ఒప్పుకోకూడదు.

మగవాళ్ళు తెరిచినప్పుడు

1999 మార్చిలో మెలిస్సా అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. అది ఒక వర్డ్ ఫైలు. లోపల అశ్లీల వెబ్‌సైట్ల పాస్‌వర్డులున్నాయని ఆశపెట్టి తెరిపించారు. రాసినవాడు దానికి ఫ్లోరిడాలోని ఒక డాన్సర్ పేరు పెట్టాడు. ఆ ఎర ఎవరికోసం వేసిందో వేరే చెప్పాలా? 2000 మేలో ‘ఐ లవ్ యూ’ అనే మెయిలు వచ్చింది. ప్రేమలేఖ అనుకుని పెద్దపెద్ద ఆఫీసుల్లో తెరిచారు. బ్రిటిష్ పార్లమెంటు తన మెయిలు వ్యవస్థనే కొంతసేపు ఆపుకోవాల్సి వచ్చింది. మగవాళ్ళకి కంప్యూటరిస్తే ఇంతే అని అప్పుడు ఎవరూ అనలేదు. భద్రతా లోపం అన్నారు, కంపెనీలు సరిచెయ్యాలన్నారు.

ఆ ప్రేమలేఖ ఫైలు పేరు చివర్లో ‘టి.ఎక్స్.టి.’ అని కనిపించేది. అంటే మామూలు అక్షరాల ఫైలు. దాని వెనకే ‘వి.బి.ఎస్.’ అని ఇంకో తోక ఉంది. అంటే అది నడిచే ప్రోగ్రాము. తెలిసిన తోకల్ని దాచిపెట్టి చూపించటం విండోస్‌కి కంపెనీ పెట్టి ఇచ్చిన అలవాటు. చూసి తెరవమని మనకి చెప్తారు, చూడాల్సినదాన్ని వాళ్ళే దాచేస్తారు.

మెలిస్సా వచ్చింది వర్డ్ ఫైలులో దాగి ఉండే మాక్రో ద్వారా. తెలియని మాక్రోలు తెరవద్దని ఇరవై ఏళ్ళకి పైగా ఉద్యోగులకి పాఠాలు చెప్పారు. చివరికి 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీసు ఫైళ్ళలో మాక్రోల్ని తనంతట తానే ఆపెయ్యటం మొదలుపెట్టింది. తయారుచేసినవాడు తలుచుకుంటే చెయ్యగలిగిన పనిని అన్నేళ్ళూ వాడేవాళ్ళ జాగ్రత్త మీదకి నెట్టారు.

తెరవమనేది ఎవరు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్ళలో అది ఆంధ్రలో 48.8 శాతం, తెలంగాణలో 57.9 శాతం. ఇంత వెనక నిలబెట్టిన స్త్రీల మీదే ప్రభుత్వం ఫోనుని పనిముట్టుగా రుద్దింది. అంగన్‌వాడీ టీచరు చేతికి 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. ఉపాధి హామీ పనిచోట 2023 జనవరి నుంచి ఫోటో హాజరు తప్పనిసరి అయింది. పై ఆఫీసు నుంచి గ్రూపులో ఏపీకే ఫైలు పడుతుంది, సాయంత్రంలోగా అందరూ వేసుకోవాలని కింద ఒక వాక్యం ఉంటుంది. ఇది ఎక్కడిది, ఎవరు తయారుచేశారు అని అడిగిన కార్యకర్తకి మెమో వస్తుందన్న భయం ఉంటుంది. ఇలా ఏళ్ళ తరబడి అడక్కుండా నొక్కటం నేర్పి, ఒకరోజు పి.ఎం. కిసాన్ పేరుతోనో ఆర్.టి.ఓ. చలానా పేరుతోనో దొంగ ఏపీకే వచ్చినప్పుడు అడగవేం అంటారు!

అధికారిక దుకాణం నుంచే దించుకోండి అనేది ఇంకో సలహా. మంచిదే. కానీ 2020 చివర్లో తెలంగాణలో అప్పుల ఆప్‌ల వేధింపులకి ప్రాణాలు తీసుకున్నవాళ్ళని గుర్తుచేసుకోండి. ఆ ఆప్‌లలో చాలావాటిని గూగుల్ ప్లే స్టోర్ నుంచే దించుకున్నారు. దించుకోగానే అవి ఫోనులోని నెంబర్లన్నీ, ఫోటోలన్నీ లాగేసుకున్నాయి. వాయిదా తప్పితే స్త్రీల ఫోటోలు మార్ఫింగ్ చేసి బంధువులకి పంపారు. గొడవ అయ్యాకే, 2021 జనవరిలో, గూగుల్ కొన్నిటిని తీసేసింది. రిజర్వు బ్యాంకు వేసిన వర్కింగ్ గ్రూపు అదే ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో సుమారు 1,100 అప్పుల ఆప్‌లు చూస్తే వాటిలో 600 దాకా చట్టవిరుద్ధమైనవని తేలింది. గూగుల్ పట్టుకోలేని దొంగని పొదుపు సంఘం సభ్యురాలు పట్టుకోవాలట!

తెలిసినవాళ్ళు పంపితేనే తెరవండి అనేది మూడో సలహా. సదస్సులో మాట్లాడినామెకి పంపింది తెలిసినవాళ్ళ నెంబరే. ముందు వాళ్ళ ఫోను దొంగ చేతికి పోయింది, అది తనంతట తానే అందరికీ పంపింది. హక్కుల ఉద్యమాల్లో ఉన్నవాళ్ళకి ఇది ఇంకా దగ్గరి విషయం. 2016 జూన్ 13న ఢిల్లీలో హక్కుల కార్యకర్త రోనా విల్సన్ ఒక ఫైలు తెరిచారు. అది వరవరరావు మెయిలు ఖాతా నుంచి వచ్చింది. దాంతోనే ఆయన కంప్యూటరు వేరేవాళ్ళ అదుపులోకి పోయిందనీ, భీమా కోరేగావ్ కేసులో ఆధారాలుగా చూపించిన పత్రాల్ని అలా చొరబడినవాళ్ళే అందులో పెట్టారనీ ముద్దాయిల తరఫున పరీక్ష జరిపిన అమెరికన్ సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. జాతీయ దర్యాప్తు సంస్థ దాన్ని ఒప్పుకోలేదు. అదే కేసులో షోమా సేన్, సుధా భరద్వాజ్ ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నారు. పంపినవాళ్ళ పేరు చూసి నమ్మటం ఎంతవరకు తనిఖీ అవుతుందో ఆలోచించండి.

నేర్చుకోవాల్సిందే

అయితే మనం చెయ్యగలిగింది లేదా? ఉంది. ఫైలు పేరులో చివరి తోక చూడాలి. పెళ్ళిపత్రికకీ రసీదుకీ ఏపీకే తోక ఉండదు, ఉంటే అది పత్రిక కాదు, ఆప్. కంప్యూటర్లో అయితే తోకలు కనిపించేలా సెట్టింగు మార్చుకోవాలి. తెలిసినవాళ్ళ నుంచి వచ్చినా ఫైలు పంపారా అని వాళ్ళకి ఫోను చేసి అడగాలి. వాట్సాప్‌లోనే అడిగితే జవాబిచ్చేది దొంగే కావచ్చు. తెలియని చోటి నుంచి ఆప్ వేసుకోవటానికి అనుమతించమని ఫోను అడిగితే అక్కడే ఆగాలి. ఆప్ ఎస్సెమ్మెస్‌లు చదువుతానంటే అది ఓటీపీ కోసమేనని అనుమానించాలి. ఇప్పటికే నొక్కేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా నెట్ ఆపి, వేరే ఫోను నుంచి బ్యాంకుకీ 1930కీ చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఆ గంటల్ని తినేసేది ఎక్కువగా భయమే, ఇంట్లో తిడతారన్న భయం. ఎగతాళి చేసే సమాజం దొంగకి సమయం ఇస్తోంది.

మన సంస్థల్లో పనిచేసేవాళ్ళకి ఇంకో మాట చెప్పాలి. అనుమానం వచ్చిన ఫైలుని వైరస్‌టోటల్‌కి ఎక్కించి చూడమని శిక్షణల్లో చెప్తున్నారు. 2004లో మొదలై 2012లో గూగుల్ చేతికి వచ్చిన ఆ సైటు డెబ్భైకి పైగా యాంటీవైరస్‌లతో ఫైలుని పరీక్షిస్తుంది. ఉపయోగమే. కానీ అక్కడికి ఎక్కించిన ఫైలు భద్రతా కంపెనీలకీ, డబ్బు కట్టే ఖాతాదారులకీ అందుబాటులోకి పోతుందన్న సంగతి చాలామందికి చెప్పటం లేదు. మనకి వచ్చే ఫైళ్ళేమిటి? దెబ్బల ఫోటోలు, వైద్యపరీక్ష కాగితాలు, అత్యాచార బాధితురాలి వాంగ్మూలం. అలాంటి బాధితురాలి గుర్తింపు ప్రచురించటాన్ని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ నేరమంటోంది, అంతకు ముందు ఐ.పి.సి. 228-ఎ అదే చెప్పింది. ఫైలు ఎక్కించటం ప్రచురణ అవుతుందో కాదో లాయర్లు తేలుస్తారు. ఆమెకి మనమిచ్చిన మాట తప్పినట్టు మాత్రం అవుతుంది. మన భద్రత కోసం ఆమె రహస్యాన్ని అప్పగించే హక్కు మనకి లేదు.

దీనికి మార్గం ఉంది. ఫైలుని ఎక్కించకుండా, మన కంప్యూటర్లోనే దాని హాష్ తీసి ఆ అక్షరాల వరస ఒక్కటే అక్కడ వెతకవచ్చు. హాష్ అంటే ఫైలు వేలిముద్ర. దాన్నుంచి లోపలి మాటలు బయటపడవు. వెతికితే ఏమీ దొరకనంత మాత్రాన ఫైలు మంచిదని కాదు, ఇదివరకెవరూ చూడలేదని కావచ్చు. కేసు కాగితాలు లేని ఒక పాత కంప్యూటరుని బయటి ఫైళ్ళు తెరవటానికి విడిగా ఉంచుకోవచ్చు. ఇవన్నీ చెయ్యటానికి మనిషి కావాలి, సమయం కావాలి. చాలా సంస్థల్లో ఈ పని ఆఫీసులో అందరికంటే చిన్న అమ్మాయి మీద, జీతం పెంచకుండా పడుతోంది. పొరపాటు జరిగితే తిట్లూ ఆమెకే. బయట అధికారి చేసింది తప్పయితే లోపల మనం చేస్తున్నది ఏమిటి?

మనం అడగాల్సింది

ప్రభుత్వ శాఖలు వాట్సాప్‌లో ఏపీకేలు పంపటం మానాలి. పనికోసం వేసుకోమనే ప్రతి ఆప్‌కీ ఎవరు తయారుచేశారు, ఏ సమాచారం తీసుకుంటుంది అనేది తెలుగులో రాసి ఇవ్వాలి. అలా ఇవ్వని ఆప్ వేసుకోననటం క్రమశిక్షణ తప్పటం కాకూడదు. నిన్నగాక మొన్న చేరిన ఆప్ ఎస్సెమ్మెస్‌లన్నీ చదువుతానంటే అడ్డుకోవటం ఫోను తయారుచేసినవాళ్ళ పని.

బ్యాంకుల సంగతి మరీ ముఖ్యం. ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలో తప్పు ఖాతాదారుదేనని రుజువుచేసే భారం బ్యాంకు మీదే ఉంటుందని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి సర్క్యులర్‌లో చెప్పింది. ఆచరణలో జరిగేది తలకిందులు. నిర్లక్ష్యం మీదేనని కౌంటరు దగ్గరే ఒక్క మాటతో పంపించేస్తారు. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమని ఆమెతో కలిసివెళ్ళి అడగటం మన సంఘాలు చెయ్యగల పని. వరకట్నం కేసుల్లో పోలీసుస్టేషను దాకా తోడు వెళ్ళిన మనం బ్యాంకు దాకా వెళ్ళలేమా?

ఆ సదస్సులో నేను నవ్వలేదు గానీ, లేచి మాట్లాడనూ లేదు. నా వంతు వచ్చినప్పుడు రాసుకెళ్ళిన ఉపన్యాసం చదివి దిగిపోయాను. ఆ సిగ్గు నాది. మోసపోయినామె మోయాల్సిన సిగ్గు మాత్రం ఏమీ లేదు. ఆమె చేసిందల్లా తెలిసినవాళ్ళింట పెళ్ళికి పిలిచారని సంతోషపడటం. ఆ సంతోషాన్ని నేరంగా చూపించి ఫోను లాక్కున్న ఇంటి నుంచి ఆ ఫోను ఆమె చేతికి తిరిగి రావాలి. వచ్చినప్పుడు దాన్ని చూసి వాడటం ఎలాగో పక్కన కూర్చుని నేర్పటానికి మనలో ఒకరుండాలి.