మాటల మూట: ఫినిష్

పిల్లలూ! "లెక్కలు ఫినిష్ చేశావా?" అని అమ్మ అడుగుతుంది గదా. ఈ మాటకు పుట్టిల్లు లాటిన్ భాష. అక్కడ "ఫీనిస్" అంటే హద్దు, ముగింపు. పందెాల్లో వినే "ఫైనల్", అంతులేనిదని చెప్పే "ఇన్ఫినిటీ" దీనికి తోబుట్టువులే.

మనం పని పూర్తయిందంటాం, కథ ముగిసిందంటాం. ఇంగ్లీషులో రెండింటికీ "ఫినిష్" ఒక్కటే చాలు. "ఫినిష్ యువర్ మిల్క్" అంటే గ్లాసులో చుక్క మిగల్చకుండా తాగమని. "హీ ఈజ్ ఫినిష్డ్" అంటే, పాపం, వాడి పని అయిపోయిందని! అయితే ఈ మాట తరువాత "టు రీడ్" పెట్టకూడదు. "ఐ ఫినిష్డ్ రీడింగ్" అనాలి.

వడ్రంగి బల్ల చేసి, చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, వార్నిషు పూస్తాడు. ఆ నునుపునూ, మెరుపునూ కూడా ఫినిష్ అనే అంటారు. నాలుగు కాళ్లూ బిగించినంత మాత్రాన బల్ల పూర్తి కాదన్నమాట!

పరుగుపందెంలో చివరి గీత కూడా "ఫినిష్"యే. 1968లో మెక్సికో నగరంలో ఒలింపిక్ మారథాన్ జరిగింది. టాంజానియా దేశపు జాన్ స్టీఫెన్ అక్వారి దారిలో పడిపోయాడు. మోకాలికి గట్టి దెబ్బ తగిలింది. ఆ రోజు పలువురు మధ్యలోనే మానుకున్నారు. అతడు మాత్రం కట్టు కట్టించుకుని, కుంటుతూనే, గెలిచినవాడు చేరిన గంటకు పైగా ఆలస్యంగా గీత దాటాడు. అందరికన్నా చివరివాడు! అయినా లోకం అతణ్ణి ఇప్పటికీ తలుచుకుంటుంది.

సగంలో వదిలిన లెక్క మీ పుస్తకంలో ఏదైనా ఉందేమో, ఒకసారి చూడండి!