శిశువు చెప్పు సాక్ష్యము

శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి ప్రభృతులు 1956లో కాంగ్రా లోయలో ఆరంభించిన పరిశోధన, అయోడిను కలిపిన ఉప్పు గళగండమును తగ్గించునని నిరూపించినది. అయితే కంఠపు వాపు మందకొడి సాక్షి; ఉప్పు మారిన పిమ్మట ఏండ్లు గడచినగాని తగ్గదు. నవజాత శిశువు రక్తము అట్లు కాదు. అయోడిను చాలనిచో థైరాయిడు గ్రంథిని ప్రేరేపించు హార్మోను అందు హెచ్చును. మెదడు ఎదుగు దశలోని కొరతనే అది తెలుపును. మూడు నాలుగు దినముల శిశువుల మడమనుండి తీసిన రక్తములో ఈ హార్మోను లీటరుకు 5 మిల్లీయూనిట్లు మించినవారు నూటికి ముగ్గురికంటె తక్కువైనచో ఆ ప్రాంతమున అయోడిను చాలినట్లే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణము. ఒక్క బిడ్డను మందబుద్ధినుండి కాపాడుటకు తీయు రక్తబిందువును జిల్లా స్థితి నెరుగుటకును వాడకుండుట దుబారా. పుట్టిననాడే రక్తము తీసినను, కాన్పువేళ అయోడిను మందు పూసినను లెక్క తప్పును. బాలింతను మరునాడే ఇంటికి పంపు ఆసుపత్రులు ముందుగా దీనిని చక్కబెట్టుకొనవలెను.