హితము విన్నవారు, హితము నాచరించినవారు

మన సహకార సంఘముల మహాసభలయందు ఒక యాచారము స్థిరపడియున్నది. అనుభవజ్ఞుడైన పెద్ద నొకరిని ఆహ్వానింతుము. పూలమాల వేయుదుము. వారు గంటసేపు చెప్పిన హితవాక్యములకు చప్పట్లు కొట్టి, ఉపన్యాసము బహు బాగుగ నున్నదని చెప్పుకొనుచు ఇండ్లకు పోవుదుము. మరుసటి యేట వారే వచ్చి ఆ మాటలే మరల చెప్పవలసి వచ్చును.

క్రొత్త విత్తనము మంచిదని యెవరేని చెప్పినచో ఆదోని రైతు చప్పట్లు కొట్టడు. చేనిగట్టున నాలుగు సాళ్లు వేసి చూచును. పండినచో మరుసటి యేట ఎకరము వేయును. విత్తనము విషయమున ఇంత వివేకము గల మనము పెద్దల మాట విషయమున వినికిడితోనే తృప్తి నొందుట యేల? సంఘములకు సమర్థులైన నాయకులు దొరకుట లేదని ఎల్లరును విచారించుచున్నారు. మాట నాచరించి చూచువారు లేనిచోట నాయకుడు పుట్టుట యెట్లు?

గుజరాతు దేశమందలి ఖేడా జిల్లా సంగతి చిత్తగింపుడు. అచ్చటి పాడిరైతులు న్యాయమైన వెల దొరకక, సర్దారు వల్లభభాయి పటేలుగారికి మొరపెట్టుకొనిరి. ఆయన చెప్పినది చిన్నమాట. మధ్యవర్తిని తొలగించి మీరే సంఘముగా నేర్పడి పాలమ్ముకొనుడనియు, అందుకై కొంత నష్టమునకు సిద్ధపడుడనియు చెప్పిరి. 1946 జనవరిలో సమర్ఖా గ్రామమున మొరార్జీ దేశాయిగారి యాధ్వర్యమున సభ జరిగెను. పిమ్మట పదునైదు దినములు రైతులు వర్తకునకు పాలు పోయలేదు. గేదె గల ప్రతి గడపయు ఆ నష్టమును భరించినది. హితవాక్యమునకు చెల్లింపవలసిన వెల యిదియే. సభలో చప్పట్లకు వెల లేదు.

మాట వల్లభభాయిగారిది. దానిని ఊరూర నాటినవారు త్రిభువనదాసు పటేలుగారు. గ్రామము వెంట గ్రామము తిరిగి, రైతుల నొప్పించి, 1946 డిసెంబరు 14వ తేదీన సంఘమును రిజిస్టరు చేయించిరి. 1948లో పని ప్రారంభమగునప్పటికి గ్రామ సంఘములు రెండు, దినమునకు వచ్చు పాలు సుమారు 250 లీటర్లు. నేటి అమూల్ మొదలు అంతియే.

అంతకంటె నాకు ముచ్చట గొలుపు సంగతి మరియొకటి కలదు. 1949లో ఆనందు పట్టణమునకు ప్రభుత్వోద్యోగిగ వచ్చిన కురియన్ అను యువకుడు అచ్చట నుండుట కిష్టము లేక వెడలిపోవ సిద్ధపడియుండగా, యంత్రముల పని చక్కబరచి పొమ్మని త్రిభువనదాసుగారు నిలిపిరి. యంత్రములును వ్యాపారమును ఆయనకు వదలి, తాము గ్రామముల సంగతి చూచుకొనిరి. 1970 దశకపు ఆరంభమున అధ్యక్షపదవిని తమంతట తామే విడిచిరి. అప్పుడు సభ్యులు మనిషి కొక రూపాయి చొప్పున ఆరు లక్షలు ప్రోగుచేసి వారికి సమర్పించిరి. పీఠమును పట్టుకొని వ్రేలాడువారికి అట్టి రూపాయి దొరకదు. నేను చదివిన మిషను పాఠశాలలో పెద్ద తరగతి బాలుడు చిన్నవారికి ఎక్కములు చెప్పవలసియుండెడిది. చెప్పించుకొన్నవానికంటె చెప్పినవానికే అవి బాగుగ వచ్చెడివి.

ఖేడా దూరమందురేమో. ఎమ్మిగనూరు దూరము గాదు. ఈ తాలూకా బళ్లారి జిల్లాలో చేరియున్న కాలమున, 1938లో, మాచాని సోమప్పగారు అచ్చట చేనేతవారి సహకార సంఘమును స్థాపించిరి. నేతగాండ్రు ఏకము కావలెనని అంతకుముందు చెప్పినవారు దేశమున పెక్కురు కలరు. నూలు తెచ్చి యిచ్చుట, కూలి చెల్లించుట, నేసిన గుడ్డ నమ్ముట అను విసుగు పుట్టించు పనులను నిత్యము నడపినప్పుడే ఆ మాటకు ప్రాణము వచ్చినది. 1954లో ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించెను.

ఇక మన సంగతి. ప్రత్తిని వేరుచేసి అమ్ముడని పెద్దలు ఎన్ని పర్యాయములు చెప్పలేదు? మొదటి తీతను కడపటి తీతతో కలుపవలదు, పుచ్చుకాయ ప్రత్తిని మంచిదానిలో చేర్చవలదు, తడి తగులనీయవలదు. విననివాడు లేడు. ఒక సంఘపు అధ్యక్షుడు ఈ పంటకు తన కుప్పను ముందుగ వేరుచేసి, ఇరువదిమంది సభ్యులను తోడు తెచ్చుకొని ఒకే దినమున ఆదోని మార్కెట్టునకు పోయినచో, వెల యెంత వచ్చినదో కాటా యెదుటనే తెలియును. ఎక్కువ రానిచో ఏల రాలేదో తెలియును, అదియు లాభమే. ఆ లెక్కను మరునాడు చావడిలో చదువునది మాత్రము అధ్యక్షుడు గాక, చదువు వచ్చిన చిన్నవయసు సభ్యుడు కావలెను.

ఆచరణ మనగా గ్రుడ్డిగ నడచుట యని యెవరును భ్రమపడరాదు. తుంగభద్ర దిగువకాలువ క్రింది మడికి చెప్పిన మాట ఆదోని నల్లరేగడి మెట్టకు పనికిరాదు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో నాకు పని నేర్పిన పెద్ద యొకరు, క్రొత్త గ్రామమున నెలదినములు ఏమియు బోధింపక, వృద్ధరైతులు చేయు పనికి కారణ మడుగుమనిరి. అట్లే చేసితిని. వాలునకు అడ్డముగ గొర్రు తోలుట యేలనో నాకు చెప్పినవారు ఆ వృద్ధులే. పిదప నేను చెప్పబోయిన మాటలలో సగము మార్చుకొనవలసి వచ్చెను. ఆ మార్పును పెద్దగారికి తెలుపగా వారు సంతసించిరి. చెప్పిన మాట ఫలించెనో లేదో తిరిగి వచ్చి చెప్పువాడు గురువులకు అరుదుగ దొరకును.

కావున కార్యదర్శులకు నా విన్నపము. రాబోవు మహాసభకు ముందు మినిట్సు పుస్తకము తెరచి, గతయేడు వచ్చిన పెద్దమనిషి మాటలలో ఒక్కటి యెన్నుకొని, దానిని ఎవరు, ఏ చేనిలో లేక ఏ పనిలో ఆచరించిరో, ఫలమేమి వచ్చెనో నాలుగు పంక్తులు వ్రాయుడు. ఎవరును ఆచరింపకున్నచో అదియు వ్రాయుడు. ఆ పంక్తులను సభయందు అతిథి యెదుట, పూలమాలకు ముందు, చదువుడు.