రావిర్యాలకు ఒక అల్మార కావాలె!

శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఔటర్ రింగు రోడ్డెక్కి తూర్పు దిక్కు పోతే, తుక్కుగూడ దాటంగనే రావిర్యాల బోర్డు వస్తుంది. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం దిక్కున ఉన్న ఈ ఊరు పేరు ఇరవై ఏళ్ల కింద చుట్టుపక్కల ఊళ్లకే ఎరుక. ఇవాళ హైదరాబాదులో బడికిపోయే పిల్లలందరికీ తెలుసు. 2008 మార్చిలో పక్కనే 5 వేల పైచిలుకు ఎకరాల్లో ఎయిర్‌పోర్టు మొదలైంది. ఈ ఊరి నేల మీద ఫ్యాబ్ సిటీ పేరుతో ఫ్యాక్టరీలకు జాగ ఇచ్చారు. 2016లో వండర్‌లా వచ్చింది. విమానం దిగడానికి జాగ దొరికింది. ఫ్యాక్టరీకి దొరికింది. ఆటకూ దొరికింది. మరి ఈ నేల కథకు జాగ ఎక్కడ?

ఈ వారం ఈ కాలమ్‌లో పదవుల పంపకం లేదు, ప్యాకేజీల లెక్క లేదు. ఏం చదవాలె, ఏం చూడాలె, ఏం వినాలె? విద్యార్థి మిత్రులు, ఉద్యోగ మిత్రులు తరచూ అడిగే ఈ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం.

ఇది కాలక్షేపం ముచ్చట కదా, సంపాదకీయంలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాలక్షేపమే అయితే, దశాబ్దాల పాటు మన యాసను సినిమాల్లో రౌడీకి, పనిమనిషికి, జోకర్‌కు మాత్రమే ఎందుకు కట్టబెట్టినట్టు? టికెట్ కొన్నది మనమే. నవ్వింది మనమే. ఇంటికొచ్చి మన పిల్లలతో మన మాట మాట్లాడడానికి సిగ్గుపడింది కూడా మనమే. ఏది చూడాలో ఎవరో నిర్ణయించి మన ముందర పెడితే జరిగేది ఇదే. అందుకే మంచి పుస్తకం పేరు, మంచి సినిమా పేరు ఒకరికొకరు చెప్పుకోవడం కూడా రాజకీయమే.

జాబితాకు ఎంత బలముంటుందో మనకు సురవరం ప్రతాపరెడ్డి చూపించారు. తెలంగాణలో కవులు లేరని ఒకాయన రాస్తే సురవరం తిట్టుకుంటూ కూర్చోలేదు. ఊరూరికీ ఉత్తరాలు పోయినయి, పద్యాలు వచ్చినయి. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చయింది. లేరన్న నోటికి పేర్లతో సహా జవాబు! అంతకు ముందే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పుట్టినయి. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో గ్రంథాలయమే జనం కలుసుకునే చోటయింది. మన చైతన్యం తుపాకీతో మొదలు కాలేదు, అల్మారతో మొదలైంది.

ఇగ నా జాబితా. ఇందులో నా ఇష్టాలున్నాయి, దాచను. మీ జాబితా వేరుంటే ఇంకా మంచిది.

మొదటి పుస్తకం వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'. 1955 నాటి నవల. దొర కన్ను పడిన భూమి, దాని మీద బతికే మనుషులు, వాళ్ల మధ్యల నుంచి లేచిన కంఠీరవం. భూమి పోతే మనిషికి ఏమేం పోతాయో అర్థం కావాలంటే ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ముందుగా దీన్ని చదవాలె. రాసినాయన కూడా మామూలు మనిషి కాదు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చేసి, తానే మోసుకుంట తిరిగి అమ్మిన మనిషి. దీని తర్వాత దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' పట్టండి. గడీ, దొర, కరణం, వాళ్ల కాళ్ల కింద నలిగిన ఊరు కండ్ల ముందు నిలుస్తాయి.

బస్సులో పోతూ పోతూ చదివేంత చిన్నది కావాలంటే పి.వి. నరసింహారావు కథ 'గొల్ల రామవ్వ' ఉంది. ప్రధాని కాకముందు ఆయన మంచి కథకుడు. ఒక ముసలవ్వ గుండెధైర్యం ముందు తుపాకులు ఎట్ల చిన్నబోతాయో ఆ కథ చెబుతుంది. పట్నంలో ఉద్యోగం చేసేవాళ్లు నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథలు చదవాలె. పాతబస్తీని పోలీసు వార్తల్లో మాత్రమే చూసేవాళ్లకు అక్కడి ఇండ్లు, మనసులు అందులో కనిపిస్తాయి.

ఒక్కటే పుస్తకం చెప్పమంటే మాత్రం నేను 'మనకు తెలియని మన చరిత్ర' అంటాను. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చారు. సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి పోయి, కూర్చుని, వాళ్ల నోటి మాటను వాళ్ల నోటనే రాసుకున్న పుస్తకం. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం అందులో విగ్రహాలు కారు, మాట్లాడే మనుషులు. ఈ పుస్తకం పేరు ఒత్తి ఎందుకు చెబుతున్నానో చివర్లో మళ్లీ వస్తాను.

సినిమాల్లో ముందుగా 'మా భూమి'. 1980లో విడుదలైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' దీనికి ఆధారం. బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించారు. డైరెక్షన్ చేసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ. ఉర్దూ రచయిత, బెంగాలీ డైరెక్టర్ కలిసి మన గోసను తెర మీద పెట్టగలిగారంటే, భాష తెలిసినంత మాత్రాన సరిపోదనీ, మనసు పెట్టాలనీ అర్థం. దాని తర్వాత నరసింగరావు డైరెక్షన్‌లోనే వచ్చిన 'దాసి' (1988). ఐదు జాతీయ అవార్డులు వచ్చినయి. అర్చనకు ఉత్తమ నటి అవార్డు దానికే. మాటలు తక్కువ, పాటలు లేవు. గడీలో ఒక ఆడమనిషి నడిచే తీరు, తల వంచే తీరు, అన్నీ అవే చెబుతాయి. వేగం అలవాటైన కండ్లకు మొదటి పావుగంట కష్టమనిపిస్తుంది. ఓపిక పట్టండి.

శ్యామ్ బెనెగళ్ 'అంకుర్' (1974) హిందీ సినిమానే గానీ అందులో వినబడేది మన దక్కనీ. షబానా ఆజ్మీకి అదే తొలి విడుదల. చివర్లో ఒక పిలగాడు రాయి విసురుతాడు. సినిమా అయిపోయినంక కూడా ఆ రాయి చప్పుడు చెవుల్లో మిగులుతుంది. సాగర్ సర్హదీ 'బజార్' (1982) మన పట్నం కథ. గల్ఫ్ డబ్బుకు అమ్ముడయ్యే పేదింటి పిల్ల కథ. అందులో మఖ్దూం మొహియుద్దీన్ గజల్ ఉంది. కార్మిక నాయకుడే ప్రేమకవి కూడా అయిన మనిషి మనకున్నాడని పిల్లలకు చెప్పడానికి అదొక సాకు.

పాటల సంగతి మనకు మనం చెప్పుకోవాల్సింది తక్కువ. ధూంధాంలు చూసిన చెవులివి. గద్దర్ 2023లో, అందెశ్రీ 2025లో మనల్ని విడిచిపోయారు. వాళ్ల పాటలు సభల్లో విన్నాం, ఇగ ఇంట్లో నిమ్మళంగా వినాలె. గోరటి వెంకన్న 'వల్లంకి తాళం'కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయనను విన్నవాళ్లు ఈసారి చదవండి. చుక్క సత్తయ్య ఒగ్గుకథను, దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరను పిల్లల పక్కన కూర్చొని వినండి. లేకుంటే ఆ వాయిద్యం బొమ్మ పాఠ్యపుస్తకంలో మాత్రమే మిగులుతది.

పిల్లలకు కామిక్స్ కావాలంటారు. తప్పేం లేదు, బొమ్మలతో కథ చెప్పే విద్య మనకు కొత్తది కాదు. చేర్యాల నకాషీ పటం చూడండి. ఎర్రటి నేపథ్యం మీద వరుసగా గడులు, గడికొక ఘట్టం, పదుల అడుగుల పొడవు బట్ట. దాన్ని విప్పుకుంట కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. ఇది కామిక్ కాక ఇంకేంది? పిల్లల్ని ఒకసారి చేర్యాలకు తీసుకపోండి. మన బొమ్మలేసే యువకులు ఐలమ్మనూ కొమురం భీంనూ ఈ తీరులో గీసి పుస్తకాలు తెస్తే కొనడానికి మనం సిద్ధంగా ఉండాలె.

టీవీ గురించి ఒక్క మాట. 2012లో మొదలైన వీ సిక్స్ తన 'తీన్మార్' వార్తలను మన యాసలో చదివినప్పుడు, వార్త కూడా గిట్ల చెప్పొచ్చా అని జనం నోరెళ్లబెట్టారు. చెప్పొచ్చు. అయితే యాస ఒక్కటే సరిపోదు. ఆ యాసలో ఏ ప్రశ్న అడుగుతున్నారన్నది కూడా చూడాలె.

జాబితా రాయడం అల్కటి పని. అల్మార నింపడం అసలు పని. ఉద్యోగ సంఘాల మిత్రులారా! రిటైర్మెంట్ ఫంక్షన్‌లో కప్పే శాలువాలు బీరువాలో మడతలు పడుతున్నాయి. శాలువకు బదులు రెండు పుస్తకాలివ్వండి. విద్యార్థులారా! అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలున్నాయి, ఏటా హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఉంది. నలుగురు కలిసి ఒక పుస్తకం కొనండి, నలుగురూ చదవండి. సినిమాకు థియేటరే అక్కరలేదు. 2023లో 'బలగం' వచ్చినప్పుడు ఎన్నో పల్లెల్లో తెర కట్టి ఊరంతా ఒక్క దగ్గర కూర్చొని చూసింది. విడిపోయిన అన్నదమ్ములు ఆ తెర ముందర కండ్లు తుడుచుకున్నారు. ఆ తెరను మళ్లీ కట్టొచ్చు. రావిర్యాలలో కట్టొచ్చు, మంఖాల్‌లో కట్టొచ్చు.

చివరి మాట. ఈ అల్మారలో ఒక అర ఖాళీగా ఉంచాలె. రన్‌వే కింద పోయిన చెలకల పేర్లు, నష్టపరిహారం డబ్బులు వచ్చిన రోజు ఇండ్లల్లో జరిగిన కొట్లాటలు, భూమి అమ్ముకున్న ఊళ్లోనే వాచ్‌మన్‌గా నిలబడ్డ రైతు మనసు, కైకిలికి పోయే చేను లేక ఖాళీ అయిన ఆడవాళ్ల చేతులు. ఇవన్నీ ఇంకా మనుషుల నోళ్లలోనే ఉన్నాయి. చెప్పగలిగినవాళ్లు ముసలోళ్లవుతున్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన చేసిన పని ఇప్పుడు ఎయిర్‌పోర్టు చుట్టూ ఉన్న ఊళ్ల డిగ్రీ పిల్లలు చేయాలె. జేబులో ఫోన్ ఉంది, దాంట్లో రికార్డర్ ఉంది. అవ్వ పక్కన కూర్చోవడానికి ఒక సాయంత్రం కావాలె, అంతే.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మన కథ మనం చెప్పుకునే హక్కు ఏ గెజిట్‌లోనూ రాదు. చదివి, చూసి, విని, రాసి సంపాదించుకోవాలె. మొదటి అల్మార రావిర్యాలలోనే నిలబెడదాం!